అయిపోలేదు, పోయింది

ఏప్రిల్ రెండో వారం దాటిందంటే వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడింటిలోనూ కారు ఏసీ దుకాణాల ముందు ఒకటే మాట వినిపిస్తుంది. "గ్యాసు అయిపోయింది సార్, కొట్టియ్యాలె." బండి పాతదా కొత్తదా, గాలి మొదటినుంచీ వెచ్చగా వస్తోందా, ఆగినప్పుడు మాత్రమే వెచ్చబడుతోందా, ఒక పక్కనే వెచ్చగా ఉందా అన్న విచారణ ఏదీ ఉండదు. బానెట్ ఎత్తుతారు, గొట్టం తగిలిస్తారు, అరగంటలో చల్లగాలి వస్తుంది. యజమాని సంతోషంగా డబ్బు చెల్లించి వెళ్తాడు. వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ అదే దుకాణం, అదే మాట.

ఈ మాట మూలంలోనే తప్పని నా అభిప్రాయం. తప్పు యంత్రశాస్త్రంలో కంటే ముందు భాషలో ఉన్నది.

వంటింట్లో సిలిండరు అయిపోతుంది. పొయ్యి మండినంతసేపూ గ్యాసు ఖర్చవుతుంది కనుక అయిపోవడం న్యాయమే. ట్యాంకులో పెట్రోలు అయిపోతుంది, కలంలో సిరా అయిపోతుంది, డబ్బాలో బియ్యం అయిపోతాయి. ఇవన్నీ వాడకం వల్ల తరిగే వస్తువులు. కారు ఏసీలోని గ్యాసు అటువంటిది కాదు. అది మండదు, ఖర్చవదు, దేనిలోనూ కలిసిపోదు. మూసి ఉన్న గొట్టాల వలయంలో తిరిగిందే తిరుగుతూ ఉంటుంది. తరిగిందంటే ఎక్కడో ఒక దారి దొరికి బయటికి పోయిందన్నమాట. తెలుగులో అయిపోవడానికీ పోవడానికీ తేడా 'అయి' అన్న రెండక్షరాలే. ఆ రెండక్షరాల చాటున ఒక రంధ్రం దాక్కుని ఏటేటా మన డబ్బు తింటోంది. సిలిండరులో ఉండేదాన్నీ, ఏసీలో ఉండేదాన్నీ ఒకే పేరుతో పిలవడం వల్ల మనకు అనుమానమైనా రావడం లేదు. శీతలకం అని ఎవరైనా అనగా వింటే బాగుండును కానీ, ఆటోనగర్‌లో ఆ మాట అంటే నన్ను వింతగా చూస్తారు. కంప్రెసరును సంపీడకమనీ, కండెన్సరును సాంద్రీకరణి అనీ అనే ఉత్సాహం కూడా నాకు లేకపోలేదు. దాన్ని ఇక్కడికి అదుపులో పెట్టుకుంటున్నాను.

ఇంతకీ ఆ వలయంలో జరిగేదేమిటి? మన ఇళ్లలో వేసవికి రంజన్ పెట్టుకుంటాం. కుండ ఒంటికి చెమర్చిన నీరు ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీళ్లనుంచి తీసుకుంటుంది, అవి చల్లబడతాయి. కారు ఏసీ చేసేదీ ఇదే పని, రెండు తేడాలతో. ఇక్కడ ఆవిరయ్యేది నీరు కాదు, మైనస్ 26 డిగ్రీల వద్దనే మరిగే ద్రవం. రెండవది, ఆవిరైనదాన్ని గాలికి వదిలేయకుండా పట్టి, కంప్రెసరుతో నొక్కి, రేడియేటరు ముందుండే కండెన్సరులో దాని వేడిని బయటి గాలికి అప్పగించి, మళ్లీ ద్రవంగా మార్చి, సన్నని కవాటం గుండా డాష్‌బోర్డు వెనుకనున్న ఎవాపరేటరులోకి పంపిస్తారు. అక్కడ అది మళ్లీ ఆవిరవుతూ మన ముఖానికి తగిలే గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది. ఈ సంగతి మనసులో ఉంటే వెచ్చని గాలికి గ్యాసు ఒక్కటే కారణం కానక్కరలేదని సులువుగానే తెలుస్తుంది. మోసేవాడు బలహీనపడి ఉండవచ్చు, పారబోసే చోటు పూడిపోయి ఉండవచ్చు, బయటికి పంపిన వేడి మరో దారిన లోపలికి వస్తూ ఉండవచ్చు.

మన ఊరికి ఇందులో రెండవది ముఖ్యం. ఏనుమాముల మార్కెట్ వైపు పత్తి వచ్చే కాలంలో వెళ్లిన వారికి తెలుసు, రోడ్డు మీద దూది ఎట్లా ఎగురుతుందో. ఆ తరువాత మిరప, ఆ తరువాత యాసంగి వరి. పల్లెల్లో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. పొట్టు, తవుడు, దుమ్ము చక్రాల కింద లేచి నేరుగా కారు ముందుభాగానికే తగులుతాయి. అక్కడ ఉన్నది కండెన్సరు. దాని సన్నని అల్యూమినియం రేకుల మధ్య ఈ నూగంతా కలిసి కంబళిలా పేరుకుంటుంది. బయట 44 డిగ్రీలున్న రోజున వేడిని పారబోయడమే కష్టం. దానిపై కంబళి కప్పితే ఇక చెప్పాలా. కొద్దిపాటి ఒత్తిడితో నీళ్లు కొట్టి, రేకులు వంగకుండా కడిగితే సగం రోగం కుదిరిన బళ్లను నేను చూశాను. దానికి కావలసింది ఒక పైపూ, అరగంట ఓపికా.

కారు హైదరాబాదు రోడ్డున పరుగెడుతుంటే చల్లగానే ఉండి, హనుమకొండ చౌరస్తాలో ఆగగానే వెచ్చబడితే అది గ్యాసు సంగతి కాకపోవచ్చును. ముందున్న కండెన్సరు ఫ్యాను తిరుగుతోందా లేదా చూడాలి. పరుగులో గాలి దానంతట అదే తగులుతుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. గంట ప్రయాణం తరువాత గాలి విసురు తగ్గిపోయి, పావుగంట ఏసీ ఆపితే మళ్లీ బాగుపడితే ఎవాపరేటరు మీద మంచు కడుతోందన్నమాట. తరచుగా దానికి మూలం మార్చని క్యాబిన్ ఫిల్టరు. ఇంకొకటి అందరూ మరిచేది. ఇంజను గదిలో లోపలికి వెళ్లే రెండు ఏసీ గొట్టాలలో లావుపాటిది, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా జాగ్రత్తగా తాకి చూస్తే, చల్లగా చెమర్చి ఉన్నదనుకోండి. అప్పుడు ఏసీ తన పని తాను చేస్తున్నట్టే. అయినా లోపల గాలి వెచ్చగా వస్తోందంటే, హీటరు గాలిని కలిపే చిన్న తలుపు ఎక్కడో ఇరుక్కుని ఉండవచ్చును. అటువంటి బండికి కూడా గ్యాసు కొట్టి పంపినవారున్నారు. బయటి గాలి మీట లోపలి గాలికి మార్చకుండానే దుకాణానికి వచ్చినవారూ ఉన్నారనుకోండి.

ఇక నిజంగా గ్యాసే పోయిన సందర్భం. మా బావగారి సంగతి చెబుతాను. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి హనుమకొండలో ఉంటున్నారు. చిన్న కారు. భద్రకాళి గుడికీ, నెలకోసారి అక్కయ్యను డాక్టరుకు చూపించడానికీ తప్ప బయటికి తీయరు. మూడు వేసవులు వరసగా గ్యాసు కొట్టించారు. ప్రతిసారీ పదిహేను వందల నుంచి రెండు వేల దాకా. నాలుగో వేసవికి ఆయనను ఒక పాతకాలపు ఉస్తాదు దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన మూడేళ్ల చరిత్రా విని, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "సార్, బండి పెట్రోలు తాగుతది గని గ్యాసు తాగుతదా? ఎటు పోతుందో చూడకుండ నేను కొట్ట."

బావగారికి కోపం వచ్చింది. "ఎంతసేపు పడుతుంది భాయ్?"

"పొద్దటి వరకు ఉంచుండ్రి."

ఆయన చేసిన పని చూడదగింది. మిగిలిన గ్యాసు తీసివేసి, వలయంలోకి నైట్రోజను ఎక్కించి, మీటరు మీద ముల్లు ఎక్కడున్నదో సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. సబ్బునీళ్లు బ్రష్షుతో ప్రతి జాయింటుకూ పూశాడు. ఏమీ కనిపించలేదు. రాత్రంతా అట్లాగే వదిలేశాడు. తెల్లవారి ముల్లు కొంచెం దిగి ఉంది. మళ్లీ సబ్బునీళ్లు, ఈసారి టార్చిలైటు పట్టుకుని ఒక్కో చోట రెండేసి నిమిషాలు చూస్తూ కూర్చున్నాడు. కండెన్సరుకు గొట్టం కలిసేచోట ఆవగింజంత బుడగ ఒకటి, ఆలోచించుకుంటున్నట్టు, మెల్లగా ఉబ్బింది. లోపల ఓ-రింగు గట్టిపడి పగిలి ఉంది. దాని ఖరీదు ముప్పై రూపాయలు కూడా లేదు. రింగు మార్చి, వాక్యూమ్ పంపు ముప్పావుగంట నడిపి, గ్యాసు తూకం వేసి పోశాడు. వాక్యూమ్ ఎందుకంటే, వలయంలో చేరిన గాలినీ తేమనూ లాగివేయడానికి. అంత శూన్యంలో నీరు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతుంది. తేమ ఉండిపోతే కవాటం దగ్గర మంచై అడ్డుపడుతుంది, నూనెతో కలిసి లోపలి లోహాన్ని తినడం మొదలుపెడుతుంది.

తూకం సంగతి కొంచెం వివరించాలి, ఎందుకంటే మోసానికీ అజ్ఞానానికీ ఇదే ఇరుసు. మనవైపు ఇప్పటికీ ఎక్కువ కార్లలో ఉండేది ఆర్-134ఏ. ఆగి ఉన్న బండిలో దాని ఒత్తిడి చుట్టూ ఉన్న వేడిమిని బట్టి ఉంటుంది, పరిమాణాన్ని బట్టి కాదు. 40 డిగ్రీల ఎండలో, లోపల వంద గ్రాములున్నా నాలుగు వందల గ్రాములున్నా, కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకు మీటరు సుమారు 130 పీఎస్ఐ చూపిస్తుంది. కాబట్టి ఆగిన బండికి మీటరు పెట్టి గ్యాసు తక్కువుందని చెప్పేవారు జోస్యం చెబుతున్నారు. బండి నడుస్తుండగా రెండు వైపులా చూస్తే ముల్లులు నిజంగా మాట్లాడతాయి. రెండూ తక్కువుంటే గ్యాసు తక్కువ కావచ్చు. రెండూ ఎక్కువుంటే కండెన్సరు వేడిని వదలలేకపోతోంది, లేదా ఎవరో గ్యాసు మితిమీరి పోశారు. తక్కువ ఉండవలసింది ఎక్కువై, ఎక్కువ ఉండవలసింది తక్కువైతే కంప్రెసరు అలసిపోయింది. చిన్న కారుకు పట్టేది మొత్తం నాలుగైదు వందల గ్రాములే. వందగ్రాములు అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది, ఎక్కువ పోసినా చల్లదనం తగ్గుతుంది. బియ్యం కొలిచినట్టు కంటి అంచనాతో పోసే వస్తువు కాదిది.

న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసరు సీలు గుండా ఏడాదికి కొద్ది గ్రాములు చెమర్చి పోవడం సహజం. ఆరేడేళ్ల తరువాత మొదటిసారి కాస్త తగ్గిందంటే దానికి ఎవరినీ అనుమానించనక్కరలేదు. ఏటేటా తగ్గేదాని గురించే నా గొడవ.

ఏటేటా పోస్తూ పోతే ఏమవుతుంది? గ్యాసుతోపాటు కంప్రెసరుకు కావలసిన నూనె కూడా తిరుగుతూ ఉంటుంది. కారినచోట అదీ కారుతుంది. గ్యాసు పోశారు కానీ నూనె ఎవరు చూశారు? గ్యాసు మరీ తగ్గినప్పుడు కంప్రెసరును ఆపివేసి కాపాడడానికి ఒక స్విచ్చు ఉంటుంది. దాన్ని తప్పించి తీగలు కలిపేయడాన్ని మనవాళ్లు 'డైరెక్ట్ చేయడం' అంటారు. ఆ రోజుకు చల్లగాలి వస్తుంది, తరువాత కంప్రెసరు పట్టేస్తుంది. ముప్పై రూపాయల రింగు వేల రూపాయల కంప్రెసరుగా మారే దారి ఇదే. దీనికంటే భయంకరమైనది, ఖరీదైన గ్యాసుకు బదులు వంటగ్యాసు వంటి మండే వాయువులు ఎక్కించడం. చల్లదనం బాగానే ఇస్తుంది, అందులో సందేహం లేదు. మండే వాయువు కోసం రూపొందించని వలయంలో, ముఖానికి రెండడుగుల దూరంలో, పిల్లల్ని వెనుక కూర్చోబెట్టుకుని దాన్ని తిప్పుకోవడం ఎంత ధైర్యమో వేరే చెప్పనవసరం లేదు.

అయితే దుకాణాలవారిని తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ ఉస్తాదు బావగారి చేతికి ఇచ్చిన చీటీలో గ్యాసు ఖరీదు, రింగు ఖరీదు, చివర 'చెకింగ్' అని ఎనిమిది వందలు రాశాడు. గ్యాసుకు మారుమాట లేకుండా ఇచ్చే బావగారు ఎనిమిది వందల దగ్గర ఆగిపోయారు. "చూసినందుకు కూడా డబ్బులా?" అన్నారు. ముప్పై ఏళ్లు పిల్లల జవాబుపత్రాలు చూసి జీతం తీసుకున్న మనిషి అన్నమాట అది! మనమంతా అంతే. వస్తువుకు ఇస్తాము, ఆలోచనకు ఇవ్వము. డాక్టరు ఉత్తినే పరీక్షించి మందు రాయకపోతే ఫీజు దండగనుకునే జాతి మనది. ఒక రాత్రంతా మీటరు కాపలా కాసి బుడగను పట్టినవాడికి ఎనిమిది వందలు ఎక్కువనిపిస్తే, వాడు రేపటినుంచి బుడగను వెతకడు. గ్యాసు కొట్టి పంపుతాడు. అందులో శ్రమా లేదు, బేరమూ లేదు. డాష్‌బోర్డంతా విప్పి ఎవాపరేటరు చూడవలసివస్తే ఒక రోజు పని. ఆ రోజులో గ్యాసు కొట్టించుకునే బళ్లు ఎన్ని వస్తాయో లెక్కవేసుకుంటే అతని లెక్క మనకూ అర్థమవుతుంది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వచ్చిన ఊరు ఇది; 2002లో అది ఎన్ఐటీ అయింది. శీతలీకరణ పాఠం చెప్పేచోటికీ, ఆ పని చేసేచోటికీ మధ్య కొద్ది మైళ్లే. ఒత్తిడికీ వేడిమికీ ఉన్న పట్టిక ఒకటి అట్టమీద అచ్చువేసి ప్రతి దుకాణంలో వేలాడదీయడానికి ఏ పరిశోధనా గ్రాంటూ అక్కరలేదు.

ఇదంతా డబ్బు గొడవే అయితే ఇంత రాసేవాడిని కాను. పోయిన గ్యాసు ఎక్కడికి పోయింది? పైకి.

పాతకాలపు కార్లలో ఉండేది ఆర్-12. 1930లో అమెరికా రసాయనవేత్త థామస్ మిడ్‌గ్లీ నిండు సభలో ఆ వాయువును పీల్చి, వదిలి, కొవ్వొత్తి ఆర్పి చూపించాడు; విషమూ కాదు, మండదూ అని. (పెట్రోలులో సీసం కలపడం కనిపెట్టినవాడూ ఈయనే. ఒక్క మనిషికి రెండు ఘనకార్యాలు.) 1974లో మొలీనా, రౌలండ్ ఆ జాతి వాయువులు ఓజోను పొరను తింటాయని చెప్పారు. 1985లో అంటార్కిటికా మీద ఆ నష్టం కొలతకు దొరికింది, 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోను జోలికి పోదు కానీ, నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 1430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో దీన్ని వాడనివ్వడం లేదు. 2016లో కిగాలీలో కుదిరిన సవరణను మన దేశం 2021లో ఆమోదించింది; 2032 నుంచి మెట్లుమెట్లుగా తగ్గించి 2047 నాటికి ఈ జాతి వాయువులను 85 శాతం తగ్గించాలి. ఆలోగా మన కార్లలో ఉన్నదంతా మన బాధ్యతే.

1430 రెట్లంటే ఊహకు అందదు కనుక మా బావగారితోనే లెక్క వేస్తాను. ఏటా రెండు వందల గ్రాములు పోయిందనుకుందాం. మూడేళ్లకు ఆరు వందల గ్రాములు. దాన్ని 1430తో హెచ్చవేస్తే సుమారు 860 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానం. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోలు వస్తుంది. అంటే 370 లీటర్ల పైచిలుకు పెట్రోలు. లీటరుకు 18 కిలోమీటర్ల చొప్పున ఆరువేల ఏడు వందల కిలోమీటర్లు. గుడికీ ఆసుపత్రికీ తప్ప కదలని మనిషి, పగిలిన రబ్బరు రింగు పుణ్యాన, వరంగల్ నుంచి హైదరాబాదుకు ఇరవై మూడుసార్లు పోయి వచ్చినట్టయింది. ఈ లెక్క చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఎనిమిది వందలు ఇచ్చాను కదయ్యా" అన్నారు.

ఏసీ వద్దని చెప్పే మహానుభావుల కోవలో నేను లేను. 2015 మే నెలలో ఎండదెబ్బకు తెలంగాణ, ఆంధ్రలలో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఏటూరునాగారం నుంచి ఎంజీఎం ఆసుపత్రికి మే నెల మధ్యాహ్నం కిరాయి కారులో రోగిని తెచ్చేవారికి చల్లగాలి విలాసమని చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఆ కారు డ్రైవరుకు గ్యాసు ఖర్చు రెండు రోజుల సంపాదన కావచ్చును. వేడికి తట్టుకోవడానికి పెట్టుకున్న యంత్రమే వేడిని పెంచే వాయువును ఊరిమీదికి వదులుతూ, పై వేసవిని ఇంకాస్త కఠినం చేస్తోందన్నదే నా బాధ. అది యంత్రం స్వభావం కాదు. బిగించని ఒక జాయింటు, మార్చని ఒక రింగు.

కనుక ఈసారి ఏసీ దుకాణానికి వెళ్లినప్పుడు గ్యాసు ఎంత అని అడగకుండా, ఎటు పోయిందో చూస్తారా, చూడడానికి ఎంత తీసుకుంటారు అని అడిగి చూడండి. ఉన్న గ్యాసును గాలికి వదలకుండా యంత్రంతో తీస్తారా అని కూడా అడగండి. తీసిందెన్ని గ్రాములో, పోసిందెన్ని గ్రాములో చీటీ మీద రాయించుకోండి. ఎంత పట్టాలో బానెట్ లోపలివైపో, ముందు అడ్డపట్టీ మీదో అతికించిన చిన్న కాగితం మీద అచ్చై ఉంటుంది. ఆ అంకెను ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. ఇంజను వేడికీ, మన ఎండకూ ఆ అక్షరాలు నాలుగైదేళ్లలో వెలిసిపోతున్నాయి.